వోల్టేజి తగ్గితే మోటారు ఎందుకు కాలుతుంది?

మన నెల్లూరు కోస్తా పల్లెల్లో వోల్టేజి పడిపోతే "కరెంటు తక్కువగా వస్తోంది" అంటారు. వోల్టులు, ఆంపియర్లు, వాట్లు - మూడింటికీ వాడుకలో ఒకటే మాట! కాని అదే సమయంలో రొయ్యల గుంట గట్టు మీది స్టార్టర్ బోర్డు చూడండి. అమ్మీటరు ముల్లు పైకి లేచి ఉంటుంది. వోల్టేజితో పాటు ప్రవాహం కూడా తగ్గాలని కదా 1827లో ఓమ్ ప్రకటించిన నియమం? మరి ఇదేమిటి?

ముందు తేలికైన సంగతి చూద్దాం. 230 వోల్టుల దగ్గర 1000 వాట్లు తీసుకునే నీళ్ళ హీటరు ఉంది. వాట్లను వోల్టులతో భాగిస్తే 4.35 ఆంపియర్లు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం దాదాపు 53 ఓమ్‌లు. వోల్టేజి 170కి పడితే ప్రవాహం 3.2 ఆంపియర్లు, సామర్థ్యం 545 వాట్లే. నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, అంతే.

మోటారు సంగతి వేరు. దాని చుట్ట నిరోధం బహు స్వల్పం. తిరిగేటప్పుడు ప్రవాహాన్ని అదుపులో పెట్టేది లోపల పుట్టే ఎదురు వోల్టేజి. అందుచేత మల్టీమీటరుతో చుట్ట నిరోధం కొలిచి ఓమ్ నియమం వేస్తే జవాబు తప్పు వస్తుంది. వాట్ల నుంచి రావాలి. ఏరేటరు చక్రం నీళ్ళు చిమ్మే పని వోల్టేజి తగ్గినా పెద్దగా తగ్గదు. 2 హెచ్.పి. అంటే 1492 వాట్లు. దక్షత 80 శాతమనుకుంటే లోపలికి 1865 వాట్లు కావాలి. మూడు ఫేజుల మోటారు గనుక దీనిని 1.732, 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.8 - వీటి లబ్ధంతో భాగిస్తే 3.25 ఆంపియర్లు. అదే పని 352 వోల్టులతో చేయాలంటే 3.8. వేడి ప్రవాహ వర్గాన్ని బట్టి పుడుతుంది గనుక మూడో వంతుకు పైగా పెరుగుతుంది. ఫ్యూజు ఊరికే పోతోందని లావుపాటి తీగ చుట్టేవాళ్ళున్నారు. అప్పుడు కరిగేది ఫ్యూజు కాదు, వైండింగు!

ఈ 352 ఎక్కడిది? ట్రాన్స్‌ఫార్మరుకు అర కిలోమీటరు దూరంలో 24 ఏరేటర్లు ఉన్నాయనుకుందాం. మొత్తం 78 ఆంపియర్లు. 30 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగకు అంత దూరానికి నిరోధం 0.47 ఓమ్. ఉజ్జాయింపుగా గుణిస్తే ఒక్కో ఫేజులో 37 వోల్టులు దారిలోనే పోతాయి. 240 కాస్తా 203 అవుతుంది. ఫేజుల మధ్య 352. మూడు తీగల్లో వేడిగా పోయేది 8600 వాట్లు, అంటే నాలుగైదు ఏరేటర్ల తిండి. పైగా వోల్టేజి తగ్గేకొద్దీ మోటార్లు ఇంకా ఎక్కువ లాగుతాయి, తీగలో నష్టం ఇంకా పెరుగుతుంది. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే వేళ మోటార్లు ఆగితే రొయ్యలు తేలిపోతాయి. అప్పుతో వేసిన పంట ఒక్క రాత్రిలో పోతుంది.

11,000 వోల్టుల లైనునే గుంటల దాకా తెచ్చి అక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెడితే (మన రాష్ట్రంలో హెచ్.వి.డి.ఎస్. అనేది ఇదే) అదే బరువుకు 3 ఆంపియర్లు చాలు. అదే తీగలో నష్టం 12 వాట్లు. నమ్మశక్యంగా లేదు గాని లెక్క అంతే. ముత్తుకూరు మండలం నేలటూరు థర్మల్ కేంద్రం నుంచి విద్యుత్తు 4 లక్షల వోల్టులతో బయలుదేరడానికీ కారణం ఇదే.

ఆ లైను వచ్చేదాకా రైతు చేతిలో ఉన్నది కెపాసిటరు. మోటారు దగ్గరే బిగించి పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు తెస్తే లైనులో 78 ఆంపియర్లు 66 అవుతాయి, నష్టం 8600 నుంచి 6100 వాట్లకు దిగుతుంది. అయితే ఒక్కరు పెడితే లాభం లేదు, ఆ లైను మీదున్న వాళ్ళందరూ పెట్టాలి.