ప్రశ్నలు - జవాబులు: మోటెల్ గదే ఇల్లయినప్పుడు

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఒక మోటెల్ ఫ్రంట్ డెస్క్‌లో పనిచేస్తున్నాను. ఇద్దరు పిల్లలతో ఒకావిడ 18 రోజులుగా మా దగ్గర ఉంటోంది. గోడౌన్‌లో పని. గదికి వారానికి 350 డాలర్లు, పైన పన్ను. అపార్ట్‌మెంట్ డిపాజిట్ కూడేదాకా ఇక్కడే ఉంటానంటోంది. నెల దాటితే పన్ను ఉండదట కదా? ఆమెకు చెబితే మా ఓనరుకు నష్టమా?

జవాబు: ఈరోజే చెప్పండమ్మా. ఓనరుగారికి పైసా నష్టం లేదు. ఆ పన్ను మోటెల్‌ది కాదు, వసూలు చేసి ప్రభుత్వానికి కట్టేది. హ్యూస్టన్‌లో అది 17 శాతం: రాష్ట్రానికి 6, నగరానికి 7, కౌంటీకి 2, స్టేడియాలు కట్టించే స్పోర్ట్స్ అథారిటీకి 2. ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం పెట్టిన పన్ను, ఇల్లు లేని తల్లి మీద పడుతోంది.

టెక్సస్ చట్టం ప్రకారం 30 రోజులు వరసగా ఉండి, మధ్యలో డబ్బు కట్టడం ఆపనివాళ్లకు ఈ పన్ను లేదు. అయితే కిటుకంతా కాగితంలో ఉంది. ‘30 రోజులు ఉంటాను’ అని ముందే రాసిస్తే, రాసిచ్చిన రోజు నుంచే మినహాయింపు. రాసివ్వకపోతే మొదటి 30 రోజులకూ పన్ను కట్టాలి, 31వ రోజు నుంచే ఆగుతుంది.

మీ దగ్గరున్నావిడ లెక్క చూద్దాం. రోజుకు 50 డాలర్లు, పన్ను ఎనిమిదిన్నర. చేరిన రోజే రాసిచ్చి ఉంటే నెలకు 255 డాలర్లు మిగిలేవి. అందులో 153 ఇప్పటికే పోయాయి. ఈరోజు రాసిస్తే మిగతా 12 రోజులవి, 102 డాలర్లు, నిలుస్తాయి. కాగితం మీద పేరు, తేదీ, సంతకం ఉండాలి. నకలు ఆమెకివ్వండి, అసలు మీ ఫైల్లో పెట్టండి. ఆడిట్‌కు వచ్చినప్పుడు ఓనరుగారిని కాపాడేది అదే. ఒక మాట మాత్రం దాచకండి: రాసిచ్చాక 30 రోజులు నిండకుండా వెళ్లిపోతే, వదిలేసిన పన్నంతా కట్టాలి.

నన్ను బాధపెట్టేది ఆ ‘డబ్బు కట్టడం ఆపకుండా’ అన్న షరతు. ఈ మినహాయింపు ఎవరి ఆదాయమూ అడగదు. ప్రాజెక్టు మీద వచ్చి ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్లో దిగే మన సాఫ్ట్‌వేర్ పిల్లలకు కంపెనీయే ఉత్తరం పంపుతుంది, బిల్లూ కడుతుంది. వాళ్లకు మినహాయింపు అడక్కుండానే అందుతుంది. జీతం రెండు రోజులు ఆలస్యమైతే ఆ వారం గది డబ్బు తడుముకునే తల్లికి చేజారుతుంది. గడువు దాటేలా ఉంటే ముందుగానే 211కు ఫోన్ చేయమనండి. అద్దె సాయం చేసే సంస్థల వివరాలు అక్కడ చెబుతారు.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా బావగారి హోటల్లో నెలల తరబడి ఉంటున్నవాళ్లే ఎక్కువ. 28వ రోజున వాళ్లను ఖాళీ చేయించి, మర్నాడు కొత్తగా రాయించుకుంటారు. అందరూ చేసేదే అంటారు. నిజమేనా?

జవాబు: అందరూ చేసినా అది తప్పే. మీ బావగారికి గట్టిగా చెప్పండి. ఆ రాష్ట్రంలో గది పన్ను 30 రోజులు, అంతకు తక్కువ ఉండేవాళ్లకే. ఆ గడువు దాటినవాళ్లు అతిథులు కారు, అద్దెదారులు. అప్పుడు ఖాళీ చేయించాలంటే కోర్టుకు వెళ్లాలి. వాళ్లకు అద్దెదారు హక్కు రాకుండా ఆపడానికే ఈ తంతు. జనం నివాసముండే హోటళ్లలో ఇలా చేయకూడదని సివిల్ కోడ్ 1940.1 సెక్షన్ చెబుతోంది. జరిమానా 500 డాలర్లు, గెలిచిన పక్షానికి లాయరు ఖర్చులు కూడా కోర్టు ఇప్పించవచ్చు. నెలనెలా లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైతే ఆ మనిషి ఎన్నేళ్లున్నా పన్ను కడుతూనే ఉంటాడు. లాస్ ఏంజెలెస్‌లో అయితే అది 14 శాతం. మందులు, వంట గిన్నెలు, పిల్లల స్కూలు సంచులు ఒక రాత్రికి ఎక్కడ పెట్టుకోవాలో మీ బావగారిని అడగండి.

ప్రశ్న: ఫ్లోరిడాలోనూ 30 రోజులేనా?

జవాబు: కాదు, అక్కడ ఆరు నెలలు. ఆరు నెలలకు మించిన లీజు రాతపూర్వకంగా ఉంటే మొదటి రోజు నుంచే పన్ను లేదు. లీజు లేకపోతే ఆరు నెలలూ పన్ను కట్టాకే ఆగుతుంది. డిస్నీ వరల్డ్ పక్కన, కిస్సిమ్మీలో 192 రోడ్డు వెంట మోటెళ్లలో కుటుంబాలు ఏళ్ల తరబడి కాపురముంటున్నాయి. మీకు తెలిసినవాళ్లు అక్కడుంటే, చేరేటప్పుడే లీజు రాయించుకోమని చెప్పండి.