పత్తి దిగుమతి సుంకం: రైతు తెలుసుకోవాల్సింది

2021 కేంద్ర బడ్జెట్‌లో విదేశీ పత్తిపై 5 శాతం కస్టమ్స్ సుంకం, 5 శాతం వ్యవసాయ సెస్సు వేశారు. సర్‌ఛార్జీతో కలిపి 11 శాతం. అంటే బయటి పత్తి మిల్లుకి ఖరీదవుతుంది, మన పత్తికి కాస్త అండ.

కానీ సుంకం మార్చడానికి బడ్జెట్టే రానక్కర్లేదు. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబర్ 31 వరకు నోటిఫికేషన్లతోనే ఎత్తేశారు. మనం పత్తి తీసి అమ్ముకునే రోజులు కూడా అవే!

ధర మన చేతుల్లో లేదు, ఖర్చు ఉంది. జీవామృతం, నీమాస్త్రం ఇంట్లోనే చేసుకోండి, కంది అంతరపంట వేయండి. పత్తిని బాగా ఆరబెట్టండి. తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు. 2025-26లో పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకి 8,110 రూపాయలు. నీమాస్త్రం తయారీ పై వీడియోలో చూడండి.