మన యెడల మనకు కనికరము

పాఠ్యభాగము: 1 రాజులు 19:1–9

మన గ్రామములనుండి గోదావరిఖని బొగ్గుగనులకు పోవు సహోదరులను చూడుడి. షిఫ్టు ముగియగానే టోపీదీపమును లాంపు రూములో అప్పగింతురు. అక్కడ చార్జి అయిన తరువాతనే అది మరల గనిలోనికి దిగును. దానిని సోమరియని ఎవరును తిట్టరు. అయితే రాత్రి షిఫ్టు చేసి పగలు పండుకొన్న మనిషి, నిద్ర లేచినది మొదలు తన్ను తానే తిట్టుకొనును.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు చొరబడి 17 మంది మరణించిరి. అట్టి దుర్ఘటన పిమ్మట "వాడు పోయెను, నేనెందుకు మిగిలితిని?" అని లోలోపల కుమిలిపోవువారు మన పొరుగుననే యుండవచ్చును.

ఏలీయా కూడ బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరుకొనెను. దేవుడతని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును పెట్టించెను, మరల నిద్రపోనిచ్చెను. ముందు అన్నము, విశ్రాంతి, ప్రశ్న అటుతరువాతనే.

అట్లని తప్పును కప్పిపుచ్చుకొనుట కనికరము కాదు. తప్పును ఒప్పుకొందము, దిద్దుకొందము. దేవుడు క్షమించినదానికి మనలను మనము దినదినము కొట్టుకొనుట మాత్రము మానుదము.

ఈ నెల అభ్యాసము: మనలను మనము నిందించుకొను మాట పుట్టినప్పుడు, "అలసివచ్చిన తోటి పనివానితో ఈ మాట అందుమా?" అని అడుగుకొందము. అతనితో అనరాని మాటను మనతోను అనకుందము.

ఆలోచించుడి: మన యింటిలో ఎవరికి నేడు మాటకంటె ముందు అన్నమును నిద్రయు అవసరము?