సాక్ష్యం: చెప్పవలసినది, చెప్పకూడనిది

వాక్య భాగం: మార్కు సువార్త 5వ అధ్యాయం (ముందుగా అధ్యాయమంతా చదవండి)



ప్రార్థన కూటంలో కాపరిగారు "ఎవరైనా సాక్ష్యం చెప్తారా?" అని అడగగానే కొందరు వెంటనే లేచి నిలబడతారు. కొందరు తల వంచుకుంటారు. జబ్బు నయమై ఇంటికి వెళ్ళిన వారికి ఇది మరీ కష్టమైన ప్రశ్న. దేవుడు చేసిన మేలు చెప్పాలని ఉంటుంది. చెబితే ఇరుగుపొరుగువారు ఏమంటారో, అమ్మాయి పెళ్ళి సంబంధం ఏమవుతుందో అనే భయమూ ఉంటుంది. అసలు సాక్ష్యం ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎప్పుడు ఊరుకోవాలి?

మార్కు 5వ అధ్యాయంలో మూడు స్వస్థతలున్నాయి. మొదటివానిని ప్రభువు వెళ్ళి చెప్పమన్నాడు. రెండవ ఆమె అందరి ఎదుట తానే చెప్పింది. మూడవ ఇంటివారిని మాత్రం ఎవరికీ చెప్పవద్దన్నాడు. ఈ మూడింటిలోనూ మనకు పాఠముంది.

1. మొదట నీ వారికి చెప్పు (1-20 వచనాలు)

గెరాసేనీయుల దేశంలో సమాధుల మధ్య బ్రతికిన మనుష్యుడు బాగుపడగానే యేసుతో కూడా వస్తానని బతిమాలాడు. ప్రభువు ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్ళి, ప్రభువు చేసిన కార్యాలూ చూపిన కనికరమూ తన వారికే చెప్పమన్నాడు. ఆయనకు బైబిలు తరగతులు లేవు, బోధకుడనే పేరూ లేదు. తనకు జరిగినదే ఆయన దగ్గరున్న సందేశం.

మన తెలుగు సంఘాలు పెరిగింది కూడా ఇలాగే. ఒంగోలు ప్రాంతంలో తోళ్ళ వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. అంతకుముందు ఆయన యోగ మార్గంలో దేవుణ్ణి వెదికినవాడు. బాప్తిస్మం తరువాత తన బంధువుల ఇళ్ళకూ, వ్యాపారంలో తెలిసినవారి ఊళ్ళకూ తిరిగి, తాను ఏమి వెదికాడో, ఏమి దొరికిందో చెప్పాడు. 1867 జనవరిలో మిషనరీ జాన్ క్లౌ ఆయన ఊరికి వచ్చేసరికి వినడానికి జనం సిద్ధంగా ఉన్నారు. అప్పుడు 28 మంది బాప్తిస్మం పొందారు.

మనకు దగ్గరలో, ఖమ్మం దాటితే వచ్చే దోర్నకల్‌లోనూ ఇదే జరిగింది. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారు, బాప్తిస్మం తీసుకునేవారి చేత వారి చేతిని వారి తలమీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అనే ప్రమాణం చేయించేవారు. ఆయన అధ్యక్ష మండలంలో సాక్ష్యపు వారం జరిపేవారు. చదువురాని కూలివారు సైతం పక్క ఊళ్ళకు వెళ్ళి తమ మాటల్లో తమ సంగతి చెప్పేవారు.

2. జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పు (25-34 వచనాలు)

పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ, ఉన్నదంతా వైద్యులకే ఖర్చు పెట్టింది. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అపవిత్రురాలు. అందుకే చాటుగా వచ్చి వస్త్రం ముట్టింది. నన్ను ముట్టినది ఎవరని ప్రభువు అడిగాడే గాని, ఆమె జబ్బును తానే బయట పెట్టలేదు. మాట్లాడే అవకాశం ఆమెకే ఇచ్చాడు. అవతల యాయీరు కుమార్తె చావు బ్రతుకుల్లో ఉన్నా, నిలబడి విన్నాడు. ఆమె వణకుతూ జరిగినదంతా చెప్పింది. ఆయన ఆమెను కుమార్తె అని పిలిచాడు.

జరిగినదంతా అన్న మాట గమనించండి. మన సాక్ష్యాలు ఒక్కోసారి సగమే ఉంటాయి. క్షయ వ్యాధినే తీసుకుందాం. మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే దగ్గు, జ్వరం తగ్గి ఆకలి వేస్తుంది. అయితే క్రిములు ఇంకా లోపల ఉంటాయి. అందుకే మామూలు క్షయకు కూడా కనీసం ఆరు నెలలు మందులు మింగాలి. ఈలోగా ఒక సహోదరుడు లేచి, "ప్రార్థనతో తగ్గింది, బిళ్ళలు మానేశాను" అని సాక్ష్యం చెప్పాడనుకోండి. వెనక వరుసలో కూర్చున్న మరొక రోగి కూడా ఆ మాట నమ్మి మానేస్తే? జబ్బు తిరగబెడుతుంది. మందులకు లొంగని మొండి క్షయగా మారవచ్చు. ఇంట్లో పసిపిల్లలకు కూడా అంటుకోవచ్చు.

అదే సహోదరుడు, "రెండు వారాలు దాటినా దగ్గు తగ్గలేదు. కళ్ళె పరీక్ష చేయించుకున్నాను. ఆరు నెలలు ఒక్కరోజు మానకుండా మందులు వాడాను. నీరసపడిన రోజున సంఘం ప్రార్థించింది, మా వదిన అన్నం పెట్టింది. దేవుడు నన్ను బ్రతికించాడు" అని చెబితే, దాచుకుని దగ్గుతున్న మరొకరు మరునాడే పరీక్షకు వస్తారు. డాక్టరుగారిని, నర్సమ్మను, మందును తలచుకుంటే దేవుని మహిమ తగ్గదు. సువార్త వ్రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడనే పిలిచాడు.

ఇంకా నయం కానివారికీ సాక్ష్యముంది. "నొప్పి ఉంది, కాని ప్రభువు నన్ను విడువలేదు" అన్న మాట పక్క మంచంలో ఉన్నవారికి ఎంతో ఆదరణ.

3. ఇతరుల సంగతి నీవు చెప్పకు (35-43 వచనాలు)

యాయీరు కుమార్తెను లేపినప్పుడు ప్రభువు జనాన్ని బయటకు పంపించాడు. లోపల తల్లిదండ్రులూ ముగ్గురు శిష్యులూ మాత్రమే ఉన్నారు. ఇది ఎవరికీ తెలియకూడదని గట్టిగా చెప్పి, అమ్మాయికి భోజనం పెట్టమన్నాడు. ఆ గడియలో ఆ పన్నెండేళ్ళ పాపకు కావలసింది జనం కాదు, అన్నం.

పరామర్శకు వచ్చి, రోగి చెప్పిన మాటను ప్రార్థనాంశం పేరుతో పదిమందికి చెప్పడం సాక్ష్యం కాదు. ముఖ్యంగా హెచ్.ఐ.వి., కుష్టు, మానసిక జబ్బుల విషయంలో ఒక్క మాట ఒక కుటుంబాన్ని వెలివేయిస్తుంది. నమ్మి చెప్పిన హెచ్.ఐ.వి. సంగతిని, కొన్ని ప్రత్యేక సందర్భాలలో తప్ప, ఆ వ్యక్తి అనుమతి లేకుండా బయట పెట్టకూడదని 2017 నాటి చట్టం కూడా చెబుతోంది. పేరు చెప్పకుండా, "ఒక సహోదరి కొరకు" అని ప్రార్థించవచ్చు. ఆమె ఎవరో దేవునికి తెలుసు.

సాక్ష్యం చెప్పే ముందు

• ఇది నా సంగతేనా? ఇంట్లో వారి పేరు వస్తే వారు ఒప్పుకున్నారా?
• ఉన్నది ఉన్నట్టు చెబుతున్నానా? పెంచి చెబుతున్నానా?
• నా మాట విని ఎవరైనా మందులు మానేసే ప్రమాదముందా?
• వినేవారు నన్ను మెచ్చుకుంటారా, దేవుని స్తుతిస్తారా?

చెప్పడానికి ఇంకా ధైర్యం చాలనివారిని ఎవరూ బలవంతపెట్టకండి. వారు చెప్పేవరకు ప్రభువులాగే నిలబడి వినడానికి సిద్ధంగా ఉండండి.

ఇంట్లో మాట్లాడుకోండి

1. ఈ అధ్యాయంలోని ముగ్గురిలో ఈరోజు మన పరిస్థితి ఎవరిలా ఉంది?
2. మన అనుభవం వింటే ధైర్యంగా ఆసుపత్రికి వచ్చేవారు మన బంధువులలో ఎవరున్నారు?

ప్రార్థన: ప్రభువా, మాకు చేసిన మేలును ఉన్నదున్నట్టు చెప్పే నోటిని, పొరుగువాని గుట్టు కాపాడే పెదవులను, బాధలో ఉన్నవారి మాట ఓపికగా వినే చెవులను మాకు దయచేయుము. ఆమేన్.