పాత కట్టడములను నిలిపినవారికి సత్కారము

గ్రామమున కొత్త భవనము కట్టినపుడు ప్రారంభోత్సవము జరుగును, శిలాఫలకముపై పేర్లు చెక్కబడును. కూలుచున్న పాత బావిని, మంటపమును, బురుజును నిలబెట్టిన వారిని మాత్రము తలచువారు అరుదు. ఈ లోటు తీర్చుటకై యునెస్కో సంస్థ 2000 సంవత్సరము నుండి ఆసియా, పసిఫిక్ ప్రాంత దేశములలో వారసత్వ కట్టడములను పరిరక్షించిన వారికి బహుమతులు ఇచ్చుచున్నది. పని నాణ్యమును మాత్రమేగాక, దానివలన స్థానిక ప్రజలకు కలిగిన మేలును గూడ న్యాయనిర్ణేతలు పరిశీలింతురు.

2022లో ఈ బహుమతులు తెలంగాణమునకు రెండు వచ్చినవి. ఒకటి కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటకు. అది పట్టణపు కట్టడము కాదు, గ్రామములోని కోట. సంస్థానాధీశుల వంశీయులే పూనుకొని దానిని బాగుచేయించిరి. రెండవది గోల్కొండ సమీపమున కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోనున్న దిగుడుబావులకు. అందులో పెద్దబావి గోడ 2013లో వర్షములకు కూలినది. రాష్ట్ర పురావస్తు శాఖతో కలసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు ఆ గోడను తిరిగి కట్టించి, బావులలోని పూడిక తీయించినది. నేడు వాటిలో నిలిచిన వాననీరు ఆవరణలోని తోటలకు ఉపయోగపడుచున్నది.

ఇట్టి పనులలో ముఖ్యమైనది సున్నము. పూర్వపు గోడలు గానుగసున్నముతో కట్టినవి. సున్నపు గోడ లోనికి చేరిన తేమను మెల్లగా వెలికి విడుచును. దానిపై సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి, ఉప్పు పేరుకొని, రాయి, ఇటుక పొరలుగా రాలిపోవును. తరువాత ఆ సిమెంటును ఒలిచినచో పాత రాయి గూడ దానితో ఊడివచ్చును. మంచి మనసుతో చేసిన మరమ్మతే చేటు తెచ్చుట ఇట్లే. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు నేడు కొద్దిమందియే మిగిలియున్నారు. వారితో ఆ విద్య పోయినచో తిరిగి సంపాదించుట కష్టము.

కావున పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది మూడు మాటలు. మీ గ్రామములోని పాత గుడి, మసీదు, బావి, బురుజు మొదలగువాటి జాబితా వ్రాయించుడు. మరమ్మతుకు పూర్వము పురావస్తు శాఖ సలహా పొందుడు. ఏటేట ఏప్రిల్ 18న జరుగు ప్రపంచ వారసత్వ దినమున గ్రామస్థులను సమావేశపరచి, పూడిక తీసిన యువకులను, సున్నపు పని ఎరిగిన వృద్ధ మేస్త్రీని పిలిచి సత్కరింపుడు. దానికి కావలసినది ఒక శాలువ, నాలుగు మంచి మాటలు. ఆ గౌరవమును చూచిన పిల్లలలో ఒక్కడైనను ఆ పని నేర్చుకొన్నచో పంచాయతీ శ్రమ ఫలించినట్లే.