రక్తం పలచబడే మందు వాడుతుంటే నొప్పి సూది వేయించుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. గుండె కవాటం మార్చాక రోజూ వార్ఫరిన్ వేసుకుంటోంది. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ తుంటికి డైక్లోఫెనాక్ సూది వేస్తే అరచేయంత మేర నల్లగా కమిలింది. ఇక ఏ సూదీ వద్దా?
– ఓ పాఠకురాలు, పుంగనూరు

జవాబు: తప్పు సూదిది ఒక్కటే కాదు, అందులోని మందుది కూడా. కండలోకి దిగిన సూది సన్నటి రక్తనాళాలను గాయపరుస్తుంది. మామూలు మనిషికి కాసేపట్లో ఆగే రక్తం, వార్ఫరిన్ వాడేవారికి లోలోపల కారుతూనే ఉంటుంది. తుంటి కండ మందం కాబట్టి, పైకి మచ్చ తేలేసరికి లోపల చాలానే చేరి ఉండొచ్చు. డైక్లోఫెనాక్ కడుపులోనూ రక్తస్రావం తెచ్చిపెట్టగలదు. అమ్మగారికి అది సూదిగానే కాదు, మాత్రగానూ వద్దు. నొప్పికి పారాసెటమాల్ చాలు, అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

టీకాల సంగతి వేరు.

ధనుర్వాతం, ఫ్లూ టీకాలు మానక్కర్లేదు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ ఆమెకు నిర్ణయించిన హద్దుల్లో ఉంటే, 23 గేజ్ లేదా అంతకన్నా సన్నటి సూదితో భుజానికి వేయించండి. కనీసం 2 నిమిషాలు దూదితో గట్టిగా అదిమి పట్టాలి. రుద్దకూడదు, సూది తీయగానే రుద్దడం మనవాళ్లకు అలవాటైపోయింది! కుక్క కరిస్తే చర్మంలోకే 0.1 మి.లీ. చొప్పున రెండుచోట్ల వేసే పద్ధతి ఉంది, ఆలస్యం చేయొద్దు.

సూది భయంతో వార్ఫరిన్ మాత్రం ఆపకండి. కవాటం దగ్గర రక్తం గడ్డకడితే పక్షవాతం రావచ్చు.

సూది వేసినచోట వాపు పెరిగినా, గట్టిపడినా, కాలు తిమ్మిరెక్కినా, మలం నల్లగా వచ్చినా వెంటనే మదనపల్లె ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. కుప్పం వైపు ఉంటే పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మందుల చీటీ, చివరి ఐఎన్‌ఆర్ రిపోర్టు వెంట ఉంచుకోండి. తలకు దెబ్బ తగిలినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయండి.