తాళం వేసే హక్కు ఎవరికీ లేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో నెలకు రూ.14,000 కిరాయికి మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. మొదట రాసుకున్న 11 నెలల అగ్రిమెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు ఓనరు వారంలో ఖాళీ చేయమంటున్నారు. ఈ నెల కిరాయి ఇవ్వబోతే తీసుకోలేదు. సామాన్లు బయట పెట్టి తాళం వేస్తానంటున్నారు. అడ్వాన్సు అడిగితే, గోడలకు రంగులు వేయించడానికే చాలదంటున్నారు. మేం ఏం చేయాలి?

సలహా: ముందు ధైర్యంగా ఉండండి. వారంలో మిమ్మల్ని వెళ్లగొట్టే అధికారం ఆయనకు లేదు. అలాగని ఎన్నాళ్లయినా అక్కడే ఉండే హక్కు మీకూ లేదు.

అద్దె తగాదా అనగానే అందరికీ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం గుర్తొస్తుంది. కానీ తెలంగాణలో నగరపాలక సంస్థల పరిధిలో నెల అద్దె రూ.3,500 దాటితే ఆ చట్టం వర్తించదు. మీ విషయంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే ఆధారం. (ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే చట్టం వచ్చింది. అక్కడి పాఠకులు దాని ప్రకారం సలహా తీసుకోవాలి.)

అగ్రిమెంటు గడువు తీరాక కూడా ఓనరు కిరాయి తీసుకుంటూ వచ్చారు కాబట్టి, మీది నెలవారీ అద్దె కిందికి వస్తుంది. దాన్ని ముగించాలంటే సెక్షన్ 106 ప్రకారం రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది మీకు అందిన రోజు నుంచి 15 రోజుల గడువు ఉంటుంది. నోటి మాట, ఫోన్లో బెదిరింపు నోటీసు కావు. గడువు దాటినా మీరు కదలకపోతే ఆయన సివిల్ కోర్టులో దావా వేయాలి తప్ప తాళం వేయకూడదు. దావా నడిచినన్నాళ్లూ ఉండిపోవచ్చని మీరూ అనుకోకండి. గడువు దాటాక ఉన్న కాలానికి అప్పటి మార్కెట్ అద్దె లెక్కన నష్టపరిహారం కట్టమని కోర్టు ఆదేశించవచ్చు.

బలవంతంగా బయటికి పంపేస్తారన్న భయం ఉంటే, సివిల్ కోర్టు నుంచి ఇంజంక్షన్ ఉత్తర్వు కోరవచ్చు. ఒకవేళ పంపేసినా, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. అప్పుడు ఇల్లు ఎవరిదన్నది కోర్టు చూడదు. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయించారా లేదా అన్నదే చూస్తుంది.

కిరాయి మాత్రం ఒక్క నెల కూడా ఆపకండి. ఓనరు చేతికి తీసుకోకపోతే ఆయన బ్యాంకు ఖాతాకు పంపండి. ఖాతా వివరాలు లేకపోతే స్పీడ్ పోస్టులో ఉత్తరం రాసి అడగండి. ఆ రసీదులు దాచుకోండి. బకాయి పడ్డ అద్దెదారు వాదనకు కోర్టులో బలం తగ్గుతుంది.

ఇక అడ్వాన్సు. ఇల్లు మామూలుగా వాడుకుంటే గోడల రంగు వెలుస్తుంది, నేల అరుగుతుంది. ఆ మాత్రం అరుగుదలకు అద్దెదారును బాధ్యుణ్ని చేయకూడదని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 చెబుతోంది. పగిలిన కిటికీ అద్దం, విరిగిన తలుపు లాంటివి మాత్రం మీ లెక్కలోకే వస్తాయి. అగ్రిమెంటులో రంగుల ఖర్చు గురించి షరతు ఏమైనా ఉందేమో ఒకసారి చదువుకోండి. ఖాళీ చేశాక కూడా అడ్వాన్సు ఇవ్వకపోతే మూడేళ్లలోగా దావా వేయాలి.

ఇంత దూరం వెళ్లకుండానే తగాదా తీరే దారి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు ఇస్తే, కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. కోర్టు ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. వివరాలకు 15100కు ఫోన్ చేయండి. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారు, దివ్యాంగులు కోరితే ఉచితంగా న్యాయవాదినీ ఇస్తారు.

ఖాళీ చేయడానికి ఒప్పుకున్నా, తాళాలు ఇచ్చే రోజున ఒక కాగితం రాసుకోండి. కరెంటు మీటరు రీడింగు, గదుల పరిస్థితి, తిరిగి ఇచ్చిన అడ్వాన్సు ఎంతో అందులో రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. మీ దగ్గరొకటి, ఓనరు దగ్గరొకటి ఉండాలి.